తీసేసిన ఆరు నిమిషాలు

శ్రీపతికి కత్తెర వారసత్వంగా వచ్చింది. వాళ్ళ నాన్న జనగామలో సినిమా హాలు ఆపరేటరు. మ్యాట్నీలో జనం ఎక్కడ ఈలలు వేసి లేచిపోతే, ఫస్ట్ షోకల్లా అక్కడ రీలు తెగిపోయేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఆక్లాండ్ వచ్చి, డిప్లొమా చదివి, న్యూ లిన్‌లో బ్రెడ్ ప్యాకింగ్ పనిలో కుదురుకున్నాడు. అయినా ఏ సినిమా చూసినా దీన్ని ఎక్కడ కొయ్యాలా అనే చూసేవాడు. మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. వంట వంతు వచ్చిందంటే ఒళ్ళు బరువెక్కేది గానీ, సినిమా అంటే మాత్రం మనిషికి పూనకం.

నెలకో ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో ఏదో ఒక సినిమా వేసేవాడు. పిల్లల్ని చూసిపోదామని వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వాళ్ళకు అందవు కాబట్టి మైకు పట్టుకుని కథంతా తనే తెలుగులో చెప్పేవాడు. అడక్కపోయినా అభిప్రాయాలు కూడా చెప్పేవాడు.

మంగోలియా సినిమాల పిచ్చి అతనికి అంటించింది సర్నై. ప్యాకింగ్ లైన్లో అతని పక్కన నిలబడే మంగోలియా మనిషి, నలభైకి దగ్గర పడింది. ఆమె ఇచ్చిన డిస్కులు వరసగా చూశాం. ఒకదాంట్లో రాత్రికి రాత్రి మంచు కురిసి మంద అంతా చచ్చిపోతుంది. తెల్లారి ఆ ఇంటాయన గుండెలు బాదుకోడు, లేచి పొయ్యి మీద టీ పెడతాడు. శపథాలు లేవు, కొట్లాటలు లేవు. మాకు మొదట్లో నిద్ర వచ్చింది, తర్వాత తర్వాత ఏడుపు వచ్చింది.

2014 ఉగాదికి ముందు సర్నై అతన్ని ఒక సాయం అడిగింది. ఆమె తల్లి డుల్మా కూతురి దగ్గరికి వచ్చి ఉంది, పండగ వెళ్ళాక బుధవారం తిరిగి వెళ్ళిపోతోంది.

"మా అమ్మ ఇరవై ఏళ్ళప్పుడు ఒకే ఒక్క సినిమాలో వేసింది. పెద్ద తెర మీద తనని తాను ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు కళ్ళల్లో శుక్లాలు, టీవీలో మొహాలు ఆనడం లేదు. ఆదివారం నీ తెర మీద ఆ సినిమా వేస్తావా?"

"ఏ వేషం?" అని అడిగాడు శ్రీపతి.

"చెప్పను. నువ్వే గుర్తుపట్టు" అని నవ్వింది.

గుర్రాల్ని మేపుకునే ఇంటి పిల్ల పశువుల డాక్టరు చదువుకని పట్నం పోయే కథ అది. మధ్యలో ఒక పెళ్ళి, అందులో గుండ్రటి మొహం అమ్మాయి పాట పాడుతుంది. "గీమెనే! ముక్కు జూడు, అచ్చం సర్నైదే" అన్నాడు శ్రీపతి. నాకూ అలాగే అనిపించింది.

చిక్కంతా చివరి ఆరు నిమిషాలతో వచ్చింది. పిల్ల లారీ ఎక్కుతుంది. అంతదాకా తెర మీదకి రాని ముసలి తల్లి బయటికొచ్చి, గరిటెతో పాలు తీసి, వెళ్ళే లారీ వైపు చల్లుతుంది. లారీ చుక్కంత అయ్యేదాకా మంచులో నిలబడి చల్లుతూనే ఉంటుంది. మాట లేదు, పాట లేదు. వెళ్ళేవాళ్ళు క్షేమంగా చేరాలని అక్కడ అలా చేస్తారట. అది అప్పటికి మాకు తెలియదు. మన వైపు మనిషి పోయాక మూడో రోజున పాలు పోస్తారు. మాకు తెలిసింది అదొక్కటే.

"పండుగ ముంగట గిది చూపిస్తే పెద్దోళ్లు ఊకుంటరా? ప్లేన్ ఎక్కి వచ్చిన్రు, మళ్ల ప్లేన్ ఎక్కి పోవాలె" అన్నాడు శ్రీపతి.

"కోసెయ్ మరి" అన్నది నేనే. ఆ పాపంలో నాకు సగం వాటా ఉంది. సర్నైని ఒక్క మాట అడగాలని ఇద్దరికీ తోచలేదు. జనగామలో రీలు కోసేటప్పుడు ఎవర్ని అడిగారు గనక!

ఆదివారం డుల్మా నీలం పట్టు అంగీ తొడుక్కుని వచ్చి ముందు వరసలో నిటారుగా కూర్చుంది. పెళ్ళి పాట రాగానే శ్రీపతి సౌండు పెంచి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ మర్యాదకి నవ్వింది. కాసేపటికి లారీ కదిలింది, తెర ఆరిపోయింది, లైట్లు వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. డుల్మా మాత్రం లేవలేదు. ఖాళీ తెరనే చూస్తూ కూతుర్ని ఏదో అడిగింది.

సర్నై మా దగ్గరికి వచ్చి, "మా అమ్మ ఏది?" అంది.

"పెళ్ళిలో పాడింది కదా!" అన్నాడు శ్రీపతి.

"పాలు చల్లే ముసలి తల్లి మా అమ్మ. మేకప్ వేసి ముసలిదాన్ని చేశారు."

శ్రీపతి పూర్తి సినిమా పెట్టడానికి పరుగెత్తాడు. అప్పటికే డాన్సు క్లాసు వాళ్ళు లోపలికి వస్తున్నారు, కేర్‌టేకర్ తెర చుట్టేస్తున్నాడు. శ్రీపతి చేతులు పట్టుకుని బతిమాలినా ఆయన వినలేదు. హాలు మళ్ళీ దొరికేది నెల తర్వాతే.

చివరికి లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ముక్కు తగిలేంతగా వంగి ఆ ఆరు నిమిషాలూ చూసింది. పాలూ మంచూ ఆకాశమూ ఆవిడకి ఒకటే తెలుపు. తల అడ్డంగా ఊపి, కోపం లేకుండా చాలాసేపు మాట్లాడింది.

సర్నై మాకు చెప్పింది: "సినిమా విడుదలైన రోజు అమ్మ ఇంటిల్లిపాదినీ హాలుకి తీసుకెళ్ళిందట. తన భాగం లేదు. పాలు చల్లడం మూఢనమ్మకమని అప్పటి ప్రభుత్వ ఆఫీసర్లు తీయించేశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత డిస్కులో మళ్ళీ కలిపారు. వాళ్ళయినా కారణం చెప్పారు, నీ కారణం ఏమిటని అడుగుతోంది."

శ్రీపతి అబద్ధం ఆడలేకపోయాడు. "మాలో పాలు పోసేది చచ్చిపోయినవాళ్ళకి. అశుభం అనుకున్నాను" అన్నాడు.

డుల్మా కూతురి మొహంలోకి చూస్తూ ఉంది. సర్నై రెండే రెండు మాటలు చెప్పింది. ఆవిడ అర్థమైందన్నట్టు తలూపి శ్రీపతి భుజం తట్టింది.

కారు దగ్గర శ్రీపతి ఉండబట్టలేక అడిగాడు, అమ్మకి ఏం చెప్పావని.

"హాలు టైం చాలక కోశావని చెప్పాను" అంది సర్నై.

ఆ అబద్ధం తల్లి కోసమే గానీ తన కోసం కాదని శ్రీపతికి తెలుసు. అందుకే ఆమెకు థాంక్స్ చెప్పడానికి కూడా నోరు రాలేదు.