మాల్టాలో నాలుగు పడవలు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగనూలేను, కక్కనూలేను. అన్నం తింటాను, నవ్వుతాను, ఐదు పూటలా నమాజు చేస్తాను, అది మాత్రం అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్ళు పట్టేదా? నా పేరు మాత్రం అడక్కండి.

కువైట్‌లో ఒకే ఇంట్లో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. మాది రాయచోటి పక్కన పల్లె. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. పదో తరగతి పాసయ్యాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను, అరబ్బీ గడగడా మాట్లాడతాను. ఈ రెండూ వచ్చినందుకు ఆ ఇంట్లో నాకు కాస్త గొప్ప ఉండేది. ఆ గొప్పే నాచేత ఈ పని చేయించిందా అని చాలాసార్లు అనుకున్నాను. కాదు. చేసింది నేనే.

నాతోపాటు అదే ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. నాగమణి అనుకోండి, అసలు పేరు వేరు. కోనసీమ పిల్ల, నాకంటే ఆరేళ్ళు చిన్న. వంట ఆమెది, ఇల్లూ పిల్లలూ నావి. మేడ మీద మా ఇద్దరికీ ఒకటే గది. నా పప్పులో కారం ఎక్కువని ఆమె, ఆమె పులుసులో బెల్లం ఎక్కువని నేను, రోజూ తగువే. “మీ ఊళ్ళో నీళ్ళు లేవు గదక్కా, అందుకే మీ మాట కూడా అంత గరుకు” అని ఏడిపించేది. నన్ను అక్కా అనే పిలిచేది. ఆ పిలుపు సంగతి మళ్ళీ వస్తుంది.

ఆమెకు సొంత అక్క ఉంది, సత్యవతి. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే పెంచింది. అమ్మా, నాన్నా, బడిలో సంతకం పెట్టే పెద్దదిక్కూ అన్నీ ఆవిడే. ఆవిడకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ లేచింది. కాకినాడ తీసుకెళ్ళి కరెంటు పెట్టిస్తున్నారు. నాగమణి ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడేది కాబట్టి ఆవిడ గొంతు నాకూ అలవాటే. “సెలవలకి ఒచ్చేయవే మణీ, నిన్నోసారి చూడాలనుంది” అని ఆవిడ అనడం నా చెవులతో విన్నాను. వినలేదని బొంకడానికి కూడా నాకు దారి లేదు.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఎండలు ముదిరితే మామా వాళ్ళు ఏదో ఒక దేశం వెళ్తారు. పిల్లల్ని చూసుకోవడానికి మాలో ఒకరిని వెంట తీసుకెళ్తారు. ఇల్లు మూసి ఉంటుంది కాబట్టి రెండోవాళ్ళు ఆ రోజుల్లో ఊరికి వెళ్ళిరావచ్చు. ఎవరు ఎటు అనేది మామా ఇష్టం. ఆ ఏడు మేమిద్దరం ముందే అనుకున్నాం. నాగమణి ఊరికి, నేను మామాతో. మామా మనసులో కూడా నేనే ఉన్నాను, బోర్డులు చదవగలనని. వచ్చే ఏడు నా వంతు. ఈ మాట నేనే అన్నాను, ఆమె చెయ్యి పట్టుకుని మరీ.

మరి నాకేమైంది?

మా ఊళ్ళో నా కష్టంతో రెండు గదుల ఇల్లు లేచింది. తమ్ముడు వీడియోలో చూపించాడు. నీలం తలుపులు, ముందు గదిలో కొత్త ఫ్యాను. ఆ ఫ్యాను కింద తమ్ముడి భార్య హాయిగా పడుకుని ఉంది. పాపం, ఆమె తప్పేం లేదు. కానీ నా ఇంట్లో నేను ఒక్కసారి కూడా నడుం వాల్చలేదే అనిపించింది. అంతే. మా ఇంట్లో ఎవరూ జబ్బుపడలేదు, ఎవరూ రమ్మని ఏడవలేదు. నాకు నా తలుపు చూసుకోవాలనిపించింది. ఇది ఒక కారణమా అని మీరు అడగవచ్చు. అప్పుడు మాత్రం నాకది కొండంత కారణం.

ఆ ఏడు మాల్టా అన్నారు. మధ్యధరా సముద్రంలో చిన్న దీవి. ఏ రోజు ఏం చూడాలో ప్లాను వేసే పని మామా పెద్దకూతురు నూరాది. అప్పటికి పద్నాలుగేళ్ళు. కోటలన్నా పాత రాళ్ళన్నా ఆ పిల్లకు ప్రాణం. వంటింటి బల్ల దగ్గర టాబ్లెట్ పెట్టుకుని అది చెబుతుంటే నోటుపుస్తకంలో నేను రాసేదాన్ని. మొదటి రోజు వాలెట్టా కోట. రెండో రోజు ఎమ్‌దీనా అనే పాత ఊరు, పేరు అరబ్బీదేనని నూరా ఎంత మురిసిపోయిందో. తర్వాత మ్యూజియం, తర్వాత ఏవో రాతి గుళ్ళు. నేను రాస్తూనే ఉన్నాను. రాస్తూ ఆలోచించాను. కోటలకూ మ్యూజియాలకూ అయితే చదివే మనిషి కావాలి. అంటే నేను. అదే నీళ్ళయితే?

నాగమణి గోదావరి పాయ ఒడ్డున పుట్టింది. నడక కంటే ముందు ఈత నేర్చానని తనే గొప్పలు పోయేది.

నూరాతో అన్నాను, నీ తమ్ముళ్ళు నాలుగేళ్ళ కవలలు, కోటలు చూసి ఏం చేస్తారు, ఏడుస్తారు, వాళ్ళకు నీళ్ళు కావాలి కదా అని. అందులో అబద్ధం లేదు. అదే ఆ ఎత్తులోని తెలివి. నూరా కాసేపు మూతి ముడిచి, తర్వాత వెతికి వెతికి చదివింది. సముద్రపు గుహల్లోకి చిన్న పడవ. గోజో దీవికి పెద్ద పడవ. కొమినో దగ్గర నీలం నీళ్ళ మడుగుకు ఇంకో పడవ. అడుగున అద్దం బిగించిన పడవ, కింద చేపలు కనిపిస్తాయట. నాలుగు. నాలుగూ నా చేత్తోనే రాశాను, గుండ్రటి అక్షరాలతో. ఆ సాయంత్రం మామాకు చాయ్ తీసుకెళ్ళి, తల వంచుకుని, నాకు నీళ్ళంటే భయం మామా, పడవలో కళ్ళు తిరుగుతాయి, పిల్లల్ని పట్టుకోలేను, నాగమణి అయితే నది ఒడ్డున పెరిగిన మనిషి అన్నాను. అప్పటికి నేను పడవే ఎక్కలేదు. భయమో కాదో నాకెలా తెలుసు?

మామా పట్టిక చూసింది. “ఖలాస్, నాగమణి వస్తుంది” అంది.

ఇక్కడితో ఆపేయాలని ఉంది. పడవల వరకు చెబితే మీరు నన్ను స్వార్థపరురాలు అంటారు, అంతకంటే పెద్ద మాట అనరు. కానీ పడవలు సగమే. మిగతా సగం రాయడానికి ఇప్పటికి రెండుసార్లు లేచి నీళ్ళు తాగివచ్చాను.

సంగతి తెలిసి నాగమణి ముఖం పాలిపోయింది. నన్ను అనుమానించాలని ఆమెకు తట్టనేలేదు. ఆమెది వంటింటి అరబ్బీ. ఉప్పు, నూనె, వేడి, పదపదమనే యల్లా. అక్క జబ్బు చెప్పుకోవడానికి అది చాలదు. “మామాకి నువ్వు సెప్పక్కా, మా అక్కకి అస్సలు బాగోలేదని, ఈసారికి నన్నంపేయమని” అంది. ఇద్దరం మామా ముందు నిలబడ్డాం. నాగమణి నా నోటి వంకే చూస్తోంది. నేను అరబ్బీలో చెప్పాను. ఈమె అక్కకు ఒంట్లో బాగాలేదు, షువయ్యా. మందులు వాడుతున్నారు. వీలైతే ఊరికి వెళ్తానంటోంది.

షువయ్యా అంటే కొంచెం. ఆ ఒక్క మాట వేశాను. గడ్డ అనలేదు. కాకినాడ అనలేదు. చూడాలని ఏడుస్తోందని అనలేదు. మామా రాతి మనిషి కాదు. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఆ క్షణమే పంపించేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను. ఇన్‌షా అల్లా తగ్గిపోతుంది, తిరిగి రాగానే నెల రోజులు పంపిస్తాను అంది మామా. ఆ మాటలను మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను. “ఆయ్, సరేనండి” అంది నాగమణి, మామాకు తెలుగు రాదన్న సంగతి కూడా మరిచిపోయి.

ఆమె పాస్‌పోర్టు వీసాకు వెళ్ళింది. ఆ రోజుల్లోనైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. దజీజ్ బజారుకు వెళ్ళి నా ప్రయాణానికి పెద్ద పెట్టె కొనుక్కొచ్చాను. జిప్పు పట్టకపోతే నాగమణే దాని మీద ఎక్కి కూర్చుంది, నవ్వుతూ.

ఊరెళ్ళాను. నీలం తలుపు తీశాను. కొత్త ఫ్యాను కింద చాప వేసుకుని పడుకున్నాను. బాగుంది, అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోను మోగింది. మాటలు లేవు. వెనక కవలల కేరింతలు, నీళ్ళ చప్పుడు. తర్వాత “అక్కా, మా అక్క...” అని మాత్రం వినిపించింది. కొమినో పడవ రోజు అది. నీళ్ళ మీద ఉన్నంతసేపూ సిగ్నల్ లేదట. ఒడ్డుకు చేరి చూసుకుంటే బావ నుంచి పదకొండు కాల్స్. అక్కడి నుంచి ఎంత ఎగిరొచ్చినా అందదు, ఆ సాయంత్రమే తీసుకెళ్ళిపోతున్నారు. నేను ఏడ్చాను. ఉల్లిపాయలనుకున్నారు అందరూ.

తిరిగి కువైట్ వచ్చేసరికి నాగమణి నాకంటే ఒక రోజు ముందే చేరి, గదిలో పెట్టె సర్దుకుంటోంది. మామా మాట తప్పలేదు, మర్నాటికే ఊరికి టికెట్ తీసింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

“ఒచ్చేవా అక్కా? ఇల్లు బాగుందా? పడుకున్నావా నీ ఇంట్లో?”

“ఆ... పండుకున్యా.”

“పోన్లే. ఇద్దర్లో ఒకళ్ళమైనా ఇంటి మొహం చూసేం.”

“మణీ, నేను... నీకొక మాట చెప్పల్ల.”

“మా అక్క ఆఖర్న అడిగిందంటక్కా, మణి ఏదీ అని. సముద్రం మధ్యలో ఉందని సెప్పేడంట మా బావ. నవ్విందంట. దానికి ఈతొచ్చులే, ఒచ్చేత్తాది అందంట.” మడతపెడుతున్న చీర ముఖానికి అదుముకుంది. చాలాసేపు తీయలేదు. తీశాక అడిగింది. “ఏదో సెప్పాలన్నావేంటక్కా?”

“ఏమీ లేదులే.”

“ఇంక నాకు అక్కంటే నువ్వేనక్కా” అని, కాగితంలో చుట్టిన ఆలివు నూనె సబ్బు నా చేతిలో పెట్టింది. మాల్టాలో నాకోసం కొన్నదట. చావు కబురు వినడానికి ముందు రోజు.

ఆ సబ్బు నేను వాడలేదు. పారేయనూలేదు.

నాగమణి నాలుగేళ్ళ కిందట కువైట్ వదిలి వెళ్ళిపోయింది. అమలాపురం దగ్గర అక్క పిల్లల్ని చూసుకుంటోంది. ప్రతి శుక్రవారం నాకు తీరికని తెలిసి ఫోను చేస్తుంది. ఎత్తగానే అక్కా అంటుంది. ఆ పిలుపు ఒకరిది, చేరింది నాకు. దొంగసొత్తు దాచుకున్నట్టు ఏడేళ్ళుగా దానికి పలుకుతున్నాను. చెప్పేస్తే ఆమెకు ఉన్న రెండో అక్క కూడా పోతుందని నాకు నేను చెప్పుకుంటాను. నిజమేనా? ఆమె కోసమా దాచింది? నన్ను అక్కా అనేవాళ్ళు ఉండరనే కదా?

రెండేళ్ళ కిందట మామా వాళ్ళు ఫైలకా దీవికి పడవలో తీసుకెళ్ళారు. నూరా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకేమీ కాలేదు. గాలి చల్లగా తగిలింది, నీళ్ళు మెరిశాయి, అంత బాగుంటుందని నాకు తెలియదు. భయపడుతున్నట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఒకసారి అన్న అబద్ధానికి ఎన్నేళ్ళు కాపలా కాయాలో చూడండి.

ఈ ఏడు సైప్రస్ వెళ్తున్నారు. ఇంట్లో పనికి నేను ఒక్కదాన్నే మిగిలాను కాబట్టి నేనూ వెళ్తున్నాను. నూరా ఇప్పుడు యూనివర్సిటీ పిల్ల, ప్లాను ఇప్పటికీ దానిదే. మొన్న అదే బల్ల దగ్గర కూర్చుని పట్టిక నా ముందుకు తోసింది. కోటలు, ద్రాక్షతోటలు, కొండ మీది పల్లెలు. పడవలన్నీ తీసేశాను, నువ్వు భయపడతావు కదా అంది. తమ్ముళ్ళు ఎంత గొడవపెట్టినా ఒప్పుకోలేదట. నిన్న శుక్రవారం నాగమణికి చెబితే ఆమె కూడా అదే మాట. “ఎవరెంత సెప్పినా పడవెక్కకేం అక్కా. నీకు నీళ్ళంటే భయం గదా.” ఎక్కనులే అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసిన ఇద్దరిలో ఒకరు లేరు, ఉన్న మనిషిని అడగడానికి నాకు నోరు లేదు. ఇది రాస్తే ముల్లు ఊడుతుందనీ అనుకోలేదు. కాకపోతే ఆ గొంతుతోనే మొదటిసారి ఒక నిజం బయటికి వస్తుంది, మీ దగ్గరికైనా.

నాకు నీళ్ళంటే భయం లేదు.