నోటినిండ సీతాఫలం గింజలు

దసరా సెలవులు అయిపోయి పాలమూరుకు తిరిగి పోయే పొద్దున, బస్సు దాక మా బాపు నా పుస్తకాల బ్యాగు మోస్తడనుకున్న. ఆయన దాన్ని నాకే తగిలిచ్చి, తను ఒక గోనెసంచి భుజానికెత్తుకొని ముంగట నడిచిండు. సంచి నిండ సీతాఫలం కాయలు. గొర్ల వెంట గుట్టలు తిరిగేటప్పుడు ఏ చెట్టు కాయ తియ్యగుంటదో గుర్తు పెట్టుకొని, నాకోసమని తెంపుకొచ్చిండు.

"ఇన్ని ఎవరు తింటరు బాపూ?"

"నువ్వు తిను. నీ దోస్తుకు పెట్టు. కిరాయింటోళ్లకు పెట్టు. సార్లకు పెట్టు."

"సార్లకు ఎవరన్న సీతాఫలాలు పెడ్తరా?"

"ఏం, సార్లకు నోర్లుండవా?" అన్నడు బాపు, సంచిని నా సీటు కిందికి కాలితోని నూకుకుంట.

నేనప్పుడు బీయెస్సీ రెండో సంవత్సరం. కాలేజీకి దూరమే గని, కిరాయి తక్కువని ఒక ముస్లింల ఇంటి మీది రూముల ఉంటుంటిమి. ఇంటామెను ఖాలా అని పిలుస్తుంటిమి. ఆమె మమ్ములను బేటీ అనేది, కోపమొస్తే పూర్తి పేర్లతోని పిలిచేది. నాతోని ఉండే పిల్లది నందికొండ ఊరు, సాగర్ డ్యాం కాడ. వాళ్ల నాయిన కాలువల ఆఫీసుల పని చేస్తడు. అది చేప తింటుంటే చూడాలె, ముల్లు ముల్లుకు ఎంత ఓపికనో! ఆ ఓపికంత చేపల కాడనే అయిపోతది. సీతాఫలం కాయ పండేదాక ఆగుమంటే మాత్రం దాని పానం మీదికొచ్చింది.

కాయలను మగ్గబెట్టాలె గదా. మాకున్న బియ్యం డబ్బల నాలుగు కాయలు గూడ పట్టయి. చలికాలం కప్పుకోమని బాపు ఇచ్చిన గొంగడి ఒకటుండె. దాంట్ల కాయలన్ని మూటగట్టి మూలకు పెట్టిన. ఇగ చూడు, నా దోస్తు పొద్దున లేవంగనే మొకం కడుక్కోకముందే మూట ఇప్పుడు, ఒక్కో కాయను బొటనవేలితోని వత్తుడు.

"వత్తకే, కమిలిపోతయి!"

"వత్తుతలేను. పలకరిస్తున్న."

అది పలకరించిన జాగలల్ల నల్లటి మచ్చలు పడ్డయి. కాలేజీ నుంచి రాంగనే మళ్ల ఇంకోసారి పలకరింపు. కాయలు మాత్రం రాళ్ల లెక్క అట్లనే ఉన్నయి. ఇవి పండేవి కాదు, మీ బాపు నిన్ను మోసం చేసిండని గూడ అన్నది. గా రోజు నేను దానితోని సరిగ మాట్లాడలే.

సీతాఫలాలతోని వచ్చిన చిక్కేందంటే, అవి ఒకదాని వెనుక ఒకటి పండయి. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పండుతయి. ఒకనాడు తెల్లారి లేస్తే రూమంత వాసన. గొంగడి ఇప్పితే ఒక్కటన్న గట్టిగ లేదు. కొన్నయితే నవ్వినట్టు పగిలి, తెల్లగ లోపలిది కనవడుతున్నది. సాయంత్రం దాక ఆగేటట్టు లేవు.

ఒక గంపల ఏసి కిందికి పట్టుకపోయి ఖాలాకు ఇచ్చినం. ఆమె సగం గంపకే "బస్ బస్, ఇంట్ల షుగరున్న మనిషి ఉన్నది" అని చేతులడ్డం పెట్టింది. షుగరున్న మనిషి అంటే వాళ్ల అత్తమ్మ. ఆ ముసలామె తలుపెనుక నుంచి మాకు రెండు చేతులతోని సైగ జేసింది, ఇంకా పొయ్యుమని. మేం ఎవరి మాట వినాల్నో తెలువక, గంప ఆడనే పెట్టి ఉరికొచ్చినం.

ఆ పొద్దున మేం వంట చెయ్యలే. కడుపు నిండ పండ్లే తిన్నం. ఇంకా మిగిలినయి. టిఫిన్ డబ్బలల్ల పెట్టినం, డబ్బలల్ల పట్టనియి బ్యాగులల్ల పెట్టినం. ఆటోల ఒకరి మీద ఒకరం కూసున్నం గదా, కాలేజీ గేటు కాడ దిగి చూస్తే నా బ్యాగుల ఒక పండు పగిలి రికార్డు బుక్కుకు అంటుతున్నది. ఇగ దాన్ని తినుడొక్కటే తొవ్వ.

మొదటి పీరియడే బాటనీ. ఆ సారు మంచోడే గని, ఆయనకు మా మీద ఒక పెద్ద ఫిర్యాదుండె. "ఆకు తెమ్మంటే తేరు, పువ్వు తెమ్మంటే తేరు. ఊర్లకెళ్లి వస్తరు, వట్టి చేతులతోని వస్తరు" అని రోజూ అనేటోడు. ఆ రోజు పండ్ల రకాలు చెప్తున్నడు. నేను వెనుక బెంచిల తల దించి, పగిలిన పండును సాఫ్ చేస్తున్న. కండ తినుకుంట గింజలను ఒక బుగ్గకు జమ చేసుకున్న. ఊంచుదామంటే సారు ఇటే చూస్తుండె. పక్కన నా దోస్తు హుషారైంది, తన గింజలను పెన్నుల పౌచుల దాచుకున్నది.

"ఒకే పువ్వుల ఫలదళాలు విడివిడిగ ఉండి, ఒక్కోటి ఒక్కో చిన్న పండై, అన్నీ కలిసి ఒక్క పండు లెక్క కనవడితే దాన్ని సంకలిత ఫలం అంటరు" అన్నడు సారు. "దీనికి ఉదాహరణ... నువ్వు చెప్పమ్మా, వెనుక బెంచి."

వేలు నా దిక్కే ఉన్నది. లేచి నిలబడ్డ. జవాబు తెలుసు. జవాబు నోట్లనే ఉన్నది. నోరు తెరిస్తే గింజలు ముంగటోళ్ల జడలల్ల పడ్తయి.

"చెప్పు చెప్పు. రాదా?"

ఏం చెయ్యాల్నో తోచక, బ్యాగుల చెయ్యి పెట్టి ఒక పండు తీసి పైకెత్తి చూపెట్టిన.

సారు కండ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ల పెట్టుకున్నడు.

"శభాష్!" అన్నడు. "చూసిండ్రా? ఇన్నేండ్ల నుంచి మొత్తుకుంటున్న. ఒక్క పిల్ల స్పెసిమెన్ తెచ్చింది. రా అమ్మా, ముంగటికొచ్చి అందరికీ వివరించు."

నా దోస్తు బెంచి కిందికి వంగింది. చెప్పు వెతుకుతున్నట్టు నటించింది గని, దాని వీపు నవ్వుతోని ఎగిరెగిరి పడుతున్నది. నేను బోర్డు దిక్కు నడిచిన. నడుమ దారిల ధైర్యం చేసి గింజలన్ని ఒక్క గుటకల మింగేసిన. నున్నగుంటయి గదా, జర్రున పోయినయి.

బల్ల కాడ పండు ఇప్పి, ఒక్కో తొన చూపెట్టుకుంట మంచిగనే చెప్పిన. సారు మురిసిపోయి, ఒక గింజ చేతుల పట్టుకొని అందుకున్నడు. "ఈ గింజల పప్పుల విషముంటది. పేలకు మందుగ నూరి పెడ్తరు. కండ్లల్ల పడితే చూపు గూడ పోతది."

నేను చేతుల పండు బల్ల మీద పెట్టేసిన. "సార్... మింగితే?"

"ఎవరు మింగుతరమ్మా, చిన్నపిల్లలా?"

అందరు నవ్విండ్రు. సారు నా మొకం చూసిండు. గదుమకు అంటిన గుజ్జు చూసిండు. బ్యాగు దిక్కు చూసిండు.

"ఇంతసేపు నోట్ల ఉన్నది గూడ స్పెసిమెనేనా?"

నేను చున్నీతోని గదుమ తుడుచుకున్న.

"నమిలినవా, మింగినవా?"

"మింగిన సార్."

"అయితే ఫికర్ లేదు. ఎట్ల పోయినయో అట్లనే బయటికొస్తయి." మెడ గోక్కుంట అడిగిండు. "ఇంకా ఉన్నయా?"

"మస్తున్నయి సార్! రెండు డబ్బలు!" అని నా దోస్తు వెనుక నుంచి అరిచింది.

ఇగ ఆ రోజు పాఠం ఆడనే ఆగింది. పండ్లు బెంచి బెంచికీ పోయినయి. సారు గూడ రెండు పండ్లు పట్టుకొని, మాకు వీపు పెట్టి బోర్డు దిక్కు తిరిగి తిన్నడు. ఏదో రాస్తున్నట్టు చెయ్యి మాత్రం ఆడించిండు. గింజలు ఎక్కడ వెయ్యాల్నో తెలువక చాక్‌పీసుల డబ్బల ఊంచి, బెల్లు కొట్టంగనే మూతి తుడుచుకొని ఎల్లిపోయిండు.

తర్వాత కెమిస్ట్రీ మేడమ్ వచ్చింది. మా దిక్కు చూసుకుంటనే చాక్‌పీసు కోసం డబ్బల చెయ్యి పెట్టింది. ఆమె పెట్టిన కేకకు పక్క క్లాసు లెక్చరర్ గూడ ఉరికొచ్చిండు. "ఎవల పని ఇది?" అని ఎంత అడిగినా క్లాసుల ఒక్కరు నోరిప్పలే. సారు మీద మాకు గంత ప్రేమ ఎన్నడూ కలగలే.

సాయంత్రం రూముకొచ్చి డాబా మీద చాప ఏసుకొని పడుకున్నం. ఎండ మెత్తగ ఉన్నది, గాలి కొంచెం చల్లబడ్డది. నేను నిమిషానికోసారి కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్న. నా దోస్తు నా కడుపుకు చెవి ఆనిచ్చి, "మొలకొస్తున్న చప్పుడైతాంది" అన్నది. ఇద్దరం ఒట్టు పెట్టుకున్నం, ఈ పూట పచ్చి మంచినీళ్లు గూడ ముట్టొద్దని.

అంతల ఖాలా మెట్లెక్కి వచ్చింది. చేతుల పళ్లెం, పళ్లెంల వేడి వేడి కిచిడీ, పక్కన పుల్లటి ఖట్టా చారు.

"వద్దు ఖాలా, కడుపుల జాగ లేదు" అన్న నేను, లేచి కూసుంటనే.

"జర రుచి చూడుండ్రి బేటీ" అని ఆమె పళ్లెం చాప మీద పెట్టి, ఆరేసిన బట్టలు తీసుకునేటందుకు దండెం దిక్కు పోయింది. ఆమె బట్టలు మడతపెట్టి తిరిగొచ్చేసరికి, నా దోస్తు పళ్లెంను వేలితోని నాకుతున్నది.