జాకీ హన్మండ్లు జీపు

కోరుట్లలో హన్మండ్లుకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటికి కనబడ్డ ప్రతి వస్తువునూ ఇంకొంచెం పైకి లేపాలి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఇసుక దిబ్బల మీద బండి నడిపి వచ్చిన మనిషి. కింద ఎంత ఖాళీ ఉంటే అంత నిశ్చింత అన్న నమ్మకం అక్కడే ఒంటబట్టింది. ఇంటికి రాగానే మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టాడు. తర్వాత కూలర్ లేచింది, టీవీ లేచింది, కోళ్ల గూడు లేచింది. ఆ గూడు ఎంత ఎత్తుకు పోయిందంటే, పొద్దుగూకగానే కోళ్లు దానివైపు ఓసారి చూసి, నిట్టూర్చి, పక్కింట్లోకి పోయి పడుకునేవి. ఊళ్లో అందరూ అతన్ని జాకీ హన్మండ్లు అనేవాళ్లు.

భార్య శాంత అన్నీ భరించింది. జీపును మాత్రం భరించలేకపోయింది.

ఎక్కడో పాత జీపు ఒకటి కొన్నాడు. బండి బరువు మోసే కమాన్ పట్టీలు అదనంగా వేయించి ఒకసారి లేపాడు. పెద్ద టైర్లు తొడిగి మళ్లీ లేపాడు. శాంత అందులో ఎక్కాలంటే ముందు పీట, పీట మీంచి ఫుట్‌బోర్డు, ఆ పైన దేవుడి దయ.

"చీర కట్టుకున్న మనిషి ఎక్కే బండేనా గిది? తాటిచెట్టు ఎక్కినట్టున్నది!"

"జర ఓపిక పట్టు శాంతా. ఇంక నాలుగేళ్లు లేపితే సరిపోతది."

"ఇంక నాలుగేండ్లు లేపుతవా!"

"ఏండ్లు కాదే, చేతి ఏళ్లు!"

ఆ నాలుగు వేళ్లూ లేపిన మర్నాడే ఇద్దరూ బుగ్గారంలో పెళ్లికి బయలుదేరారు. జగిత్యాల దాటాక ముందు చక్రం ఒక గుంతలో పడింది. అంతే, స్టీరింగ్ గజగజా వణకడం మొదలుపెట్టింది. దాంతోపాటు హన్మండ్లు చేతులు, భుజాలు, బుగ్గలు అన్నీ ఒకే తాళంలో ఊగాయి.

"గట్టిగ పట్టుకో!" అని అరిచింది శాంత.

"నేను పట్టుకునే ఉన్న! అదే నా మాట ఇంటలేదు!"

జీపు రోడ్డు దిగి, తనకేదో పని ఉన్నట్టు పసుపు చేలోకి నడిచి, నడిమధ్యలో ఆగింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. చేను రైతు పరుగెత్తుకొచ్చి, పట్టుచీరలో అంత ఎత్తున కూర్చున్న శాంతను తలెత్తి చూశాడు.

"పెండ్లి నా చేన్ల పెట్టుకున్నరా అక్కా?"

"పీట తెస్తే దిగి చెప్త," అంది శాంత.

ఆ రైతే ట్రాక్టర్ కట్టి జీపును జగిత్యాలలో మెకానిక్ మధు షెడ్డుకు లాక్కెళ్లాడు. మధు బండి కిందికి దూరి, అక్కడి నుంచే మొదలుపెట్టాడు.

"కాకా, బండిని లేపినవ్ గని స్టీరింగ్ రాడ్‌ను మర్చినవ్. బండి మీదికి పోయింది, చక్రాలు కిందనే ఉన్నయ్. నడుమ రాడ్ ఏటవాలైంది. గుంతల పడ్డప్పుడల్లా అదే చక్రాలను గుంజుతున్నది. గింత పెద్ద టైర్లకు గీ సన్న రాడ్ ఆగుతదా? దించి పాత తీరుగ చెయ్యాలె."

"దించు కొడుకా, పుణ్యముంటది," అంది శాంత.

"దించద్దు!" హన్మండ్లు గొంతు షెడ్డంతా మోగింది. "మందపు రాడ్ ఎయ్యి. వంపు సరిచెయ్యి. స్టీరింగ్ డబ్బాను ఛాసీకి కదలకుండ బిగించు. ఎంత పనైనా మంచిదే. దీంట్ల ముసలిమనిషి ఎక్కాలె!"

శాంత మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఎవలు ముసలిమనిషి?"

హన్మండ్లు వంగి టైర్లో గాలి చూడటం మొదలుపెట్టాడు. బస్సులో కోరుట్ల దాకా శాంత కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. ఇంట్లో కూడా రెండు పూటలు కూర గిన్నెతోనే మాట్లాడింది.

జీపు తయారై వచ్చాక హన్మండ్లు ఒక్కడే దాన్ని ఊరి చుట్టూ ఉన్న గుంతలన్నిటిలో వెతికి వెతికి దింపాడు. స్టీరింగ్ వణకలేదు. అప్పుడు ఎదురింటి ముందుకు తెచ్చి, వెనుక సీటు వైపును అరుగుకు ఆనించి ఆపాడు.

ఆ అరుగు ముసలి బుచ్చవ్వది. తుంటి విరిగి అతుక్కున్నాక ఆమె దాని మీంచి కిందికి దిగలేదు. ఆటోలోకి వంగలేదు. ఇద్దరు మోస్తామంటే, "నేనేమన్న బియ్యం బస్తనా?" అని కర్ర ఎత్తేది. ముత్యంపేటలో చెల్లెలు పోశవ్వ ఉంది. ఆమెకు బస్సు ప్రయాణం పడదు. ఏళ్ల నుంచి అక్కాచెల్లెళ్లకు ఫోన్లోనే చూపులు.

జీపు సీటూ అరుగూ గీత గీసినట్టు సమానంగా నిలిచాయి.

"పెద్దమ్మా, అటు ఒక్క అడుగు ఎయ్యి," అన్నాడు హన్మండ్లు.

బుచ్చవ్వ అనుమానంగా లేచింది. కర్ర ఊని, ఎవరి చెయ్యీ పట్టకుండా ఒక అడుగు పక్కకు వేసి కూర్చుంది. సీటు తడిమి చూసుకుంది.

"ఓరి కొడుకా, నా అరుగుకు చక్రాలు పెట్టినవా!"

శాంతకు అప్పుడు అర్థమైంది. "గిన్ని దినాలు జీపును లేపింది గిందుకేనా? నాతోనన్న చెప్పచ్చు కద!"

"నీతోటి చెప్తే పెద్దమ్మకు చెప్తవ్. తనకోసమని తెలిస్తే ఆమె ఎక్కుతదా?"

శాంత చీర కుచ్చిళ్లు దోపుకుని, పీట లేకుండానే ముందు సీటులోకి ఎక్కేసింది.

ముత్యంపేట దాకా జీపు గుంతలన్నీ బుద్ధిగా దాటింది. పోశవ్వ ఇంటి ముందు ఆగాక హన్మండ్లు కిందికి దూకి, ఇల్లంతా ఓసారి చూసి, నెత్తి గోక్కున్నాడు. ఆ ఇంటికి అరుగు లేదు.

పోశవ్వ బయటికొచ్చి తలెత్తింది. "అక్కా! దిగు!"

"ఎట్ల దిగుతనే? నువ్వే మీదికి రా!"

కుర్చీ వేశారు. శాంత కింద నుంచి తోసింది, బుచ్చవ్వ పై నుంచి చెయ్యి లాగింది. పక్కపక్కన కూర్చోగానే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అన్నం పళ్లాలు పైకే అందించారు. వాడకట్టంతా కింద నిలబడి, ఊరేగింపు చూసినట్టు చూసింది.

పొద్దు వాలింది. "పోదామా పెద్దమ్మా?" అన్నాడు హన్మండ్లు.

"ఆగురా, ఇంక మొదటి ముచ్చటే ఒడువలే, సగంలనే ఉన్నం."

పోశవ్వ అక్క చెయ్యి వదలకుండా కిందికి వంగింది. "శాంతా, లోపల దండెం మీద నా చీరలున్నయ్, సంచిల పెట్టి తే బిడ్డా. ఈడ ఎట్లాగు దిగుడు కాకపాయె. అక్క అరుగు మీదనే దిగుత."

హన్మండ్లు ఇంజన్ స్టార్ట్ చేశాడు. శాంత నవ్వు ఆపుకోలేక సంచి కోసం ఇంట్లోకి పరుగెత్తింది.