ఇసుకరాయి కింది నీళ్ళు

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

మా ఊరు ఒంగోలుకు దగ్గర. పైన మిరప, పత్తి. కింద ఇసుకరాయి. ఆ రాయి వాననీటిని లోపల దాచుకుంటుందని, ఊరందరి బావులకూ అదే ఆధారమని నాకు మొదట చెప్పింది అత్తే. తొంభైల చివర్లో భూగర్భజలాల వాళ్ళు వచ్చి, నీటిమట్టం చూడటానికి ఊరి చివర మోటారు లేని బోరొకటి వేశారు. రైతుల్లో ఎవరైనా కొలుస్తారా అని అడిగితే మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామయ్య పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న అత్త "నేను కొలుస్తానండీ" అంది.

పక్షానికోసారి వెళ్ళేది. కొసన ఇనుపముక్క కట్టిన టేపును గొట్టంలోకి వదిలి, చెవి ఆనించి కూర్చునేది. పక్కన ఎవరైనా మాట్లాడితే కసురుకునేది. ముక్క నీటిని తాకిన చప్పుడు వినగానే మొహం విప్పారేది. ఆ లెక్క పాలకేంద్రం గోడమీద సుద్దముక్కతో రాసి, పాలు పోయడానికొచ్చిన వాళ్ళను నిలబెట్టి చెప్పేది. "కంటికి కనపడవు గదా, అందుకే మనకి భయం లేదు" అనేది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. అత్త గడపగడపకూ తిరిగింది. ఆ ఏటికి మిరప తగ్గించి శనగ వేద్దామని, కొత్త బోర్లు వద్దని అందరినీ ఒప్పించింది. మరుసటి వానాకాలం పోయాక టేపు చేత్తో పట్టుకునే మా ఇంటికి వచ్చింది. "పైకొచ్చినయ్‌రా తమ్ముడూ!" అని నాన్న వీపు చరిచింది. ఆమె అంతగా నవ్వడం మళ్ళీ నేను చూడలేదు.

తర్వాత మిరపకు మంచి ధర పలికింది. ఒక పెద్ద రైతు లోతుగా బోరు వేయించాడు. అతన్ని చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. చివరికి మా చేలోకీ బోరు వేసే రిగ్గు వచ్చింది. అత్త గట్టుమీద పరుగున వచ్చింది.

"ఒరేయ్, కింద అంతా ఒకటే ఇసుకరాయిరా. నీ గొట్టంలోకి వచ్చేయి నా బావి నీళ్ళేరా!"

"నేనొక్కణ్ణి ఆపితే ఊరు ఆగుద్దా అక్కా?"

అత్త రిగ్గు మోతలోంచి గట్టువెంట వెనక్కి నడిచింది.

కాయ పట్టే వేళకు ఆమె బావి అడుగంటింది. మా బోరు నీళ్ళు పెడతానని నాన్న వెళ్తే, "ఎవరి నీళ్ళు ఎవరికి పెడతావురా?" అంది. మొక్కలు నిలువునా ఎండిపోయాయి. రెండు మూడేళ్ళకు మా బోరులోనూ ఉప్పునీళ్ళు వచ్చాయి. ఆమె తిట్టుంటే నాన్నకు బాగుండేది. తిట్టలేదు. గట్టుమీద తమ్ముడి పక్కన కూర్చుని, "ఇంక మనం చేసేదేం లేదురా" అంది. ఆ మాట ఆమె నోట రావడం నాకు చావుకన్నా ముందు వచ్చిన చావులా తోచింది.

చివరికి ఆమె కొలిచే బోరులో నీళ్ళు అందడానికి టేపు చాలకుండా పోయింది. ఆమె గోడమీద రాయడం మానేసింది. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు. కుడితి కూడా పారబోయకుండా బతికిన మనిషి, ఆ తర్వాత ఇల్లు కదల్లేదు. నా చేతిలో గ్లాసు ఉన్నప్పుడల్లా ఎంత తాగగలనో అంతే పోసుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికైనా ఊరు ఆమె మాట వింటుందని రాయాలని ఉంది. కానీ మొన్న నేనెక్కిన బస్సును దాటుకుంటూ రిగ్గు లారీ మా ఊరివైపే పోయింది.

అత్తకు చివరి స్నానం చేయించడానికి ట్యాంకరు తెప్పించారు. ఆడవాళ్ళు చాటు కట్టి బిందెల కోసం కేకేస్తున్నారు. నాన్న ఒక్కొక్కటే నింపి అందిస్తున్నాడు. ఆఖరి బిందె అందించాక కూడా ట్యాంకరు కుళాయి కారుతూనే ఉంది. నాన్న దాని కింద దోసిలి పట్టి, అక్కడే నిలబడిపోయాడు.