కుక్క పట్టిన కార్తీకం

ఆ ఏడు మా ఇంట్లో కార్తీకాన్ని నాయనమ్మ ఇష్టంగా పట్టింది, అమ్మ అలవాటుగా పట్టింది, నాన్నా నేనూ వేరే దారిలేక పట్టాం. కుక్క కూడా పట్టింది. దాన్ని ఎవరూ అడగలేదు. ఆ మాటకొస్తే నన్నూ అడగలేదు.

"మన సెయ్యి కడిగిన నీళ్ళ కాడ బతుకుతాది. ఇంట్లో ఒక్క నోరు నీసు ముట్టినా నా నోము సెడిపోతాది" అని నాయనమ్మ తేల్చేసింది.

కుక్క వంట ఆవిడే చూసేది. ఆనపకాయకి గింజలు తీసి, గుమ్మడికాయకి తొక్క తీసి మెత్తగా ఉడకబెట్టేది. ఉప్పూ కారం పడకముందే దాని వాటా పక్కన పెట్టి, చల్లారాక అన్నంలో పిసికి పెట్టేది. చిలగడదుంప బాగా ఉడికితే గాని పెట్టేది కాదు. ఆ నెలంతా ఉల్లిపాయ ఎలాగూ మా గడప తొక్కదు.

"ఉల్లి దీని జాతికి పడదురా. ఎనకటి కుక్క ఉల్లిపాయల పులుసు తిని మంచాన పడిపోనాది."

"మంచం ఎవరిదే?" అన్నాను. గరిటె నా వైపు తిరిగింది.

మొదటిరోజు కుక్క ఆనపకాయని వాసన చూసింది. నాయనమ్మ మొహం చూసింది. తినేసింది. మేమూ అలాగే తింటున్నాం.

నాన్న బెంగ వేరు. చెరుకు తీపెక్కే రోజులు, నక్కలు దిగే రోజులు. సాయంత్రమైతే కుక్కని వెంటబెట్టుకుని పొలంలో పాకకి పోయేవాడు. ఒకనాడు పొద్దున్నే నమిలి పారేసిన చెరుకు గెడలు తెచ్చి వాకిట్లో పడేశాడు.

"సూడు! ఆనపకాయి తిన్న కుక్కకి పౌరుసం ఏటుంటాదే అమ్మా? నక్కలొచ్చి నమిలీసి పోతంటే తొంగున్నాది. ఇంకొక్క గెడ పోయిందంటే దీన్ని బుచ్చయ్యపేట బావకి ఇచ్చెస్తాను. ఆల ఇంట్లో రోజూ సేపలే."

"నన్ను కూడా ఇచ్చీ నాన్నా" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

నాయనమ్మ మాత్రం ఆ పూట తినలేదు. చీకటిలోనే నదీస్నానం చేసే మనిషి, మర్నాడు స్నానం కూడా మానేసి, కర్ర పట్టుకుని, "ఆ నక్కేదో నానే సూత్తాను" అని పొలానికి బయల్దేరింది. నక్క ఆరోగ్యం దృష్ట్యా నేనూ వెంట వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి నాన్న పాక ముందు వేపపుల్ల నములుతున్నాడు. చేను లోపల్నించి ఇంకెవరో ఇంకేదో నములుతున్న చప్పుడు వస్తోంది. ముగ్గురం ఆకులు తప్పించి చూశాం.

మా కుక్క. ముందు కాళ్ళ మధ్య చెరుకు గెడ పెట్టుకుని, తల వాల్చి, పక్కపళ్ళతో తీరుబడిగా చీలుస్తోంది. మమ్మల్ని చూసి తోక ఆడించింది. గెడ మాత్రం వదల్లేదు.

ఇన్నాళ్ళుగా గుమ్మడికాయ, చిలగడదుంప తిన్న నోరు. తీపి ఎక్కడుందో వెతుక్కుంది.

నాన్న కర్రెత్తాడు. నాయనమ్మ ఆ కర్రని చూడనైనా చూడకుండా కుక్క దగ్గర కూలబడి దాని నోట్లో వేలు పెట్టింది.

"ఓలమ్మ, పిప్పి మింగేత్తే పేగుల్లో అడ్డం పడిపోతాదే! ఉమ్ము!" అని పిప్పి లాగి పడేసి, నాన్న వైపు తిరిగింది. "ఒరే, తొక్క తీసుకుని తింటంది సూసేవా? నన్ను సూసే నేర్సుకున్నాది. నక్క తింటే నష్టం గాని, ఇంట్లోది తింటే నష్టమేటిరా?"

"నక్కలు రాలేదన్నమాటేగా నాన్నా" అన్నాను. "పౌరుషం బాగానే ఉంది. ఆకలి కూడా."

నాన్న కర్ర దించాడు. తరవాత నవ్వొచ్చింది గాని, మాకు కనబడకుండా పాక వైపు తిరిగిపోయాడు.

ఆనాటి నుంచి పొలానికి వెళ్ళేముందు దానికి ఇంకో చిలగడదుంప ఎక్కువ పడేది. గెడలు పోవడం ఆగింది. కార్తీకం వెళ్ళాక ఇంటికి చేపలొచ్చాయి. అది ముళ్ళు తీసిన చేప తిని, వంటింటి గుమ్మంలో గుమ్మడికాయ కోసం కూర్చుంది. మతం మార్చుకున్నవాళ్ళు ఇంత సర్దుకుపోవడం నేనెక్కడా చూడలేదు.

చెరుకు నరికే రోజుల్లో బుచ్చయ్యపేట మావయ్య వచ్చాడు.

"కుక్కనిచ్చెస్తానన్నావంట బావా?"

"నానెప్పుడన్నాను?" అన్నాడు నాన్న. "ఇలాటిది నీకెక్కడ దొరుకుతాది? ఒక్క నక్కని రానీదు."

కుక్క అప్పుడు గానుగ పక్కన కూర్చుని, వచ్చే ప్రతి చెరుకు మోపునీ జాగ్రత్తగా చూసుకుంటోంది.