తేమ ఆరేదాకా

మా మేనత్త చనిపోయిందని నంద్యాల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డలో, మా బడి స్టాఫ్ రూములో ఉన్నాను. ఉదయం ప్రార్థన చేసుకుంటూ కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. "నొప్పి కూడా తెలిసుండదు మ్మే. నువ్వు బయల్దేరు" అన్నాడు నాయన. బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆమె బీరువాలో కెమెరా ఉంది. ఇల్లంతా జనం ఉంటారు. ఎవరు తీస్తారో, ఏ చేతులతో పట్టుకుంటారో. మనిషి పోయిన రోజున వస్తువు గురించి భయపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా అత్తను ఎరిగినవాళ్లు మాత్రం నన్ను తప్పుపట్టరు.

ఆమె నంద్యాలలో ఒక మిషన్ బడిలో డ్రాయింగ్ టీచరు. పిల్లలు లేరు. మామ పోయిన కొన్నేళ్లకు, కువైట్‌లో పనిచేసే బంధువు చేత ఒక చిన్న డిజిటల్ వీడియో కెమెరా తెప్పించుకుంది. అరచేతిలో ఇమిడే కెమెరా, దానిలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద క్యాసెట్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అట్లాంటిది మా వీధిలో ఎవరూ చూడలేదు. ఆమె స్టూడియో ఏమీ పెట్టలేదు. తెలిసినవాళ్ల ఇళ్లల్లో బాప్తిస్మాలు, బడి వార్షికోత్సవాలు, మంచం పట్టిన ముసలివాళ్ల మాటలు తీసిపెట్టేది.

కెమెరా బయటికి రావాలంటే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తర్వాత నేల మీద చాప పరుచుకుని కూర్చోవాలి. "కిందనే కూచుంటే ఇంగ పడేదానికి చోటు యాడుంది?" అనేది. పట్టీ మణికట్టుకు బిగించుకోనిదే నా చేతికి ఇచ్చేది కాదు. అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పితే చేతి మీద ఒక దెబ్బ వేసేది. బ్యాటరీని తాళం చెవులతో కలిపి ఒకే సంచిలో వేయనిచ్చేది కాదు, ఇనుము తగిలితే రాజుకుంటుందని. చెప్పుల అంగడికి పోయి, డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు అడిగి తెచ్చుకునేది. ఎండాకాలం ఆటోలో పోతే కెమెరాను ఒడిలో పెట్టుకుని తువ్వాలు కప్పి, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి లేపి పట్టుకునేది. వీధిలో నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, టీచరు ట్రైనింగు అయిపోయి ఖాళీగా ఉన్నాను.

"భయం ల్యాకుండా పట్టుకునేటోళ్లకు నేనియ్యను" అనేది. అందుకే ఆమె పక్కన రెండేళ్లు తిరిగినా, కెమెరా మోయడమే తప్ప ఒక్క నిమిషం కూడా నేను తీయలేదు.

ఆ రెండో ఏడు మే నెలలో ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త శిల్పి, రాతి విగ్రహాలు చెక్కుతాడు. గొంతులో క్యాన్సరు. నంద్యాలలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. మరుసటి రోజు మధ్యాహ్నం ఆపరేషను.

"గొంతు తీసేస్తారంట టీచరమ్మా. ఇంగ మాట ఉండదంట. పిల్లోల్లు చిన్నోల్లు, నాయన గొంతు ఎట్లుంటాదో మరిసిపోతారు. రొంత పట్టిపెట్టు."

అత్త చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆపరేషనుకు ముందే వస్తాం" అంది.

ఆస్పత్రి ఏసీ గదిలో శిల్పి దిండుకు ఆనుకుని పావుగంట మాట్లాడాడు. గొంతు బొంగురుగా ఉంది కానీ ఒక్కో మాటా స్పష్టంగా ఉంది. ఇద్దరు కూతుళ్లను పేరు పెట్టి పిలిచి చెప్పాడు. "రాయిని ముందు తట్టి ఇనల్ల మ్మా. గంట మాదిరి మోగితే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులుండాదని." చిన్నదానికి అయిదేళ్లు. దాని పేరు రెండుసార్లు పిలిచి, ఆ తర్వాత ఏమీ అనలేక ఆగిపోయాడు.

అయిపోయాక అత్త ఆ గదిలోనే కెమెరాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి గట్టిగా కట్టి నాకిచ్చింది. "గంటసేపు తెరవాకు. సల్లటి కాడి నుంచి వేడికి పోతాండాం. లోపల చెమ్మ పడ్తాది. చెమ్మ ఉన్నప్పుడు తిప్పితే టేపు అతుక్కుంటాది." అని, డాక్టరుతో మాట్లాడి వస్తానని పోయింది.

నేనూ శిల్పి భార్యా వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. బయట నిప్పులు చెరిగే ఎండ. కాసేపటికి స్ట్రెచరు మీద ఆయన్ను మా ముందు నుంచే లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి ఆయప్ప గొంతు ఇనిపీ పాపా. నాకు దడగా ఉంది."

నేను ముడి విప్పాను. మీట నొక్కాను. చిన్న తెర మీద నీటి చుక్క బొమ్మ ఒకటి టకటకా మెరిసింది. లోపల కీచుమని శబ్దం వచ్చింది, ఆగిపోయింది. అద్దం మీద పొగమంచులాగా పట్టి ఉంది. క్యాసెట్ బయటికి తీద్దామని ఇంకో మీట మీద వేలు పెట్టాను.

"నొక్కాకు."

అత్త వెనక నిలబడి ఉంది. గట్టిగా అరవలేదు. కెమెరా తీసుకుని బ్యాటరీ ఊడదీసి, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేనేదో చెప్పబోతే కళ్లతోనే ఆపేసింది. శిల్పి భార్య వైపు తిరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"అమ్మా, మా చేతిలో తప్పు జరిగింది. టేపు లోపల అతుక్కున్యాది. ఆరేదాకా కూచుంటే వస్తాది. తొందరపడితే తెగుతాది."

ఆమె తలూపింది. ఏడవలేదు. నాకు అదే ఇంకా భయం కలిగించింది.

మూడు గంటలు కూర్చున్నాం. ఒకవైపు ఆపరేషను గది తలుపు, ఇంకోవైపు అత్త ఒడిలో కెమెరా. శిల్పి బంధువు ఎవరో, టేపురికార్డర్లు బాగుచేసే మనిషి వచ్చి, "ఇట్లియ్యక్కా, స్క్రూలు తీసి రెండు నిమిషాల్లో లాగేస్తా" అన్నాడు. అత్త కెమెరా మీద చేయి అడ్డం పెట్టింది. ఆ మనిషి వెళ్లిపోయేదాకా ఆ చేయి తీయలేదు. నాకంటే ఎక్కువ భయపడుతున్నది ఆమే.

ఆమె నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది. తొంభైల్లో ఒక పెళ్లి వీడియోలో మామ పాడిన పాట ఉండేదట. పెద్ద క్యాసెట్. పక్కింటివాళ్లు చూస్తామని తీసుకుపోయి, దాని మీద క్రికెట్ రికార్డు చేశారట. క్యాసెట్ అంచున ఉండే చిన్న రెక్క విరగ్గొట్టి ఉంటే దాని మీద ఇంకోటి ఎక్కేది కాదు. అప్పుడు ఆమెకు ఆ సంగతి తెలియదు. మరుసటి ఏడు మామ పోయాడు.

"మీ మామ గొంతు ఎట్లుండ్యాదో ఇప్పుడు నాకే గుర్తుకు రాల్యా మ్మే."

మూడు గంటలు గడిచాక అత్త బ్యాటరీ పెట్టింది. చుక్క గుర్తు రాలేదు. శిల్పి భార్య కళ్లు మూసుకుంది. అత్త మీట నొక్కింది. మూత మెల్లగా పైకి లేచింది. క్యాసెట్ వచ్చింది గానీ, సన్నని టేపు ఒక వరస లోపలే చిక్కుకుని వేలాడుతోంది. దాన్ని ఆమె ముట్టుకోలేదు. మూత తెరిచి పెట్టి ఇంకా ఆగింది. ఎంతసేపని నేను చూసుకోలేదు. టేపు దానంతట అదే వదులై జారింది. అప్పుడు చిటికెన వేలితో చక్రం తిప్పుతూ, కొంచెం కొంచెంగా లోపలికి చుట్టింది.

ఇంటికి వచ్చాక వేసి చూశాం. అంతా వచ్చింది, ఒక్క చోట తప్ప. మడత పడిన దగ్గర బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, మాట తెగిపోయింది. చిన్న కూతురి పేరు పిలిచిన చోటు అది. రెండుసార్లు పిలిచిందీ పోయింది. ఆ తర్వాతి మౌనం మాత్రం ఉంది.

ఆ సంగతి చెప్పడానికి అత్తే నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆస్పత్రికి పోయింది. ముందే కవరు విప్పడం వల్లే ఇట్లయిందని అప్పుడూ చెప్పలేదు. విన్నాక శిల్పి భార్య అత్త చెయ్యి పట్టుకుంది. "దాని పేరు నేను పిలుస్తాలే టీచరమ్మా. మిగిలింది ఉంది గదా" అంది. ఆ వారంలోనే అత్త రెండు కాపీలు తీయించి, ఒకటి ఆళ్లగడ్డకు పంపింది.

నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం రోజుల తరబడి కెమెరా దగ్గరికి పోలేదు. ఒక సాయంత్రం ఆమే పిలిచింది. చాప పరిచి, పట్టీ నా మణికట్టుకు బిగించింది.

"తియ్యి."

"నాకు భయమైతాంది అత్తా."

"అందుకే ఇస్తాండా" అంది.

అత్త పోయిన రోజు చేతులు కడుక్కుని, ఆరేదాకా ఆగి, బీరువాలోంచి కెమెరా నేనే తీశాను. గొంతు తీసినా శిల్పి బతికాడు. మెడలో ఊపిరి తీసుకునే రంధ్రం మీద తడి గుడ్డ కట్టుకుని, ఆరేళ్లయినా ఇంకా ఉలి పడుతున్నాడు. అత్త సమాధికి రాయి ఎవరూ ఆయన్ను అడగలేదు. నల్లరాయి పలక ఒకటి ఆటోలో వేసుకుని, భార్యనూ చిన్న కూతుర్నీ వెంటబెట్టుకుని నంద్యాలకు వచ్చాడు. శ్మశానంలో మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని అత్త పేరు చెక్కుతూ ఉంటే ఉలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అక్షరం లోతుల్లో రాతిపొడి పేరుకుంది. గొంతు తీసినవాళ్లు నోటితో ఊదలేరు. ఆయన ఉలి పక్కకు తీసి ఆగాడు. పదకొండేళ్ల ఆ పిల్ల ముందుకు వంగి, రెండు జడలు రాతికి తగలకుండా వెనక్కి పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గరా మెల్లగా ఊదింది.