దిమ్మె మేస్త్రి

తాపీ మేస్త్రీలంతా పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎండెక్కాక ఉత్త చేతులతో ఇంటిముఖం పడుతున్న రోజుల్లో, పని దొరికేది ఒక్క దిమ్మె మేస్త్రికే. నిధుల్లేవంటూ ప్రభుత్వం కట్టడాలన్నీ సగంలో ఆపేసింది గానీ, రాతి మీద పేర్లు చెక్కించుకునే సరదాకి మాత్రం కరువు రాలేదు. ఆ శిలాఫలకాలు నిలబెట్టే దిమ్మెలు కట్టేది ఇతనే. ఒకప్పుడు బడులూ వంతెనలూ కట్టిన చెయ్యి అది.

ఆసుపత్రి స్థలంలో ఇది మూడో దిమ్మె. ఆసుపత్రి జాడ లేదు. మంత్రి మారినప్పుడల్లా పాత దిమ్మె పీకి కొత్తది కట్టాలి. ఎలాగూ పీకేదీ తనే కనక, ఇటుకలు పగలకుండా ఊడి రావాలని ఈసారి సిమెంటు మానేసి బురదతో పేర్చాడు. పైన మాత్రం నున్నగా పూత పూశాడు.

"ఇదేం పనయ్యా, సిగ్గు లేదూ?" అంది ఇటుకలందిస్తున్న భార్య.

"వాళ్లకి లేని సిగ్గు నాకెందుకే?"

మర్నాడు మంత్రిగారు తెర లాగి, చప్పట్ల మధ్య ఫొటో కోసం దిమ్మె మీద మోచెయ్యి ఆనించబోయారు. జనంలోంచి మేస్త్రి గట్టిగా కేకేశాడు:

"దాన్ని నమ్మి ఆనుకోకండి సార్! అది ప్రభుత్వం కట్టించింది."